కందుల గదిలో నాలుగు కంప్యూటర్లు

మొన్న వికారాబాద్‌లో మా తమ్ముడింటికి వెళ్లేసరికి వాడి కూతురు శ్రావణి వంటగది గట్టు మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని నిలబడి ఉంది. ఎవరో వాడి వదిలేసిన యంత్రం. అందులో ఉన్న సిస్టమ్ తీసేసి సొంతంగా లినక్స్ వేసుకుందట. వేయడం వరకు సాఫీగానే జరిగింది. ఆ తర్వాత ఏ ప్రోగ్రాం ఎక్కిద్దామన్నా తెర నిండా తప్పుల చిట్టా. ఒక ప్యాకేజీ ఇంకోదాన్ని అడుగుతుంది, అది మరోదాన్ని అడుగుతుంది. మా తమ్ముడు చాయ్ తాగుతూ, "ఎందుకు బిడ్డా పరేషాన్, బస్టాండ్ కాడ షాపుల ఇచ్చేద్దాం, వాళ్లే సాఫ్ చేసి ఇస్తరు" అన్నాడు. నేను కళ్లద్దాలు పెట్టుకుని దగ్గరికి వెళ్లబోతే శ్రావణి చెయ్యి అడ్డం పెట్టింది. "అత్తా, నువ్వు జెయ్యకు. ఏం జెయ్యాల్నో చెప్పకు గూడ. నేనే చూస్కుంట" అంది. ఫోన్లో వెతికింది, చదివింది, ఏదో కొట్టింది, తనలో తనే తిట్టుకుంది. మా తమ్ముడు రెండో చాయ్ ముగించేలోగా పని అయిపోయింది. అప్పుడు నా వైపు తిరిగి, "మీ కాలంల చేతిల ఫోన్లు లేకుండె గద అత్తా. గిట్ల అడ్డం తిరిగితే ఏం జేస్తుంటిరి?" అని అడిగింది. "కొట్లాడుతుంటిమి" అన్నాను. నవ్వింది. హాస్యానికి అన్నాననుకుంది. కాదు. ఆ మాట నిజంగా నిజం. అది చెప్పడానికే ఈ అధ్యాయం.

మాది పూడూరు దగ్గర ఒక ఊరు. నాయినకు గొర్రెల మంద ఉండేది. నేను వికారాబాద్‌లో డిగ్రీ చదివి, దానితోపాటు కంప్యూటర్ కోర్సొకటి నేర్చుకుని, పని కోసం తాండూరు చేరాను. అక్కడ మా మేనత్త ఉండేది. నేను ఆమెను అత్తమ్మ అనేదాన్ని. మామయ్య బండలు పాలిష్ పట్టే యూనిట్‌లో పనిచేసేవాడు. సాయంత్రం ఇంటికొచ్చేటప్పుడు తల నుంచి కాలి దాకా బూడిద రంగు. ఆ రూపంతో ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. పెరట్లో బకెట్ ముందు కూర్చుని, ముఖం మళ్లీ ముఖమయ్యేదాకా రుద్దుకుని, అప్పుడు "ఆఁ, ఏందిరా సంగతి" అని లోపలికి వచ్చేవాడు. ఆయన ఒంటి నుంచి జారిన నీళ్లు మోరీలో గడ్డకట్టి సున్నపు పొరలా పేరుకునేవి. వారానికోసారి అత్తమ్మ ఇనుప ముక్కతో ఆ పొరను గీకేది. ఇంటి నేల కూడా యూనిట్‌లో పనికిరాకుండా పోయిన ముక్కలతో పరిచిందే. నీలం ఒకటి, పసుపు ఒకటి, బూడిద రంగుది ఒకటి. ఎండాకాలం మధ్యాహ్నం ఆ నేల మీద చెంప ఆనించి పడుకుంటే కలిగే చల్లదనం నాకు ఇప్పటికీ మరో చోట దొరకలేదు.

తెల్లవారకముందే మామయ్య రేడియోలో గుల్బర్గా నుంచి వచ్చే కన్నడం మొదలయ్యేది. ఆయన తల్లిది ఆ వైపు ఊరు, అందుకని వార్తలు కన్నడంలో వింటేనే విన్నట్టు. ఆ మాటల మధ్య అత్తమ్మ జొన్నరొట్టె తట్టే చప్పుడు. అత్తమ్మ పొద్దుటి పూట పప్పు మిల్లుకు వెళ్లేది. కందులు నానేసి, నూనె పట్టించి, ఎండబెట్టి, ఆడిస్తారు. ఆ పొట్టు వాసన ఆమె జుట్టులో, కొంగులో, చివరికి ఆమె చేసిన రొట్టెలో కూడా ఉండేది. ఎవరైనా ఏదైనా ఫిర్యాదు చేస్తే మధ్యలో అడ్డు తగలకుండా చివరిదాకా వినడం ఆమె అలవాటు. విన్నాక ఒకే ఒక్క మాట అనేది. ఆ మాటకు ఎదురు చెప్పడం కష్టంగా ఉండేది.

నాకు పని ఇచ్చినాయన విఠల్‌రెడ్డి సార్. ఆయనది కూడా పూడూరు వైపే. కందుల వ్యాపారం చేసేవాడు. మార్కెట్ యార్డుకు వెళ్లే దారిలో ఆయనకో మేడ ఉండేది. మేడ మీద ముందు గదిలో కంప్యూటర్ సెంటర్. అందులో కొత్త యంత్రాల మీద పొద్దున్నే మగపిల్లల బ్యాచ్ నడిచేది. వాళ్లకు పాఠం చెప్పడం నా పని. వెనక గది ఖాళీ బస్తాలు పడేసే గది. ఆ బస్తాల మధ్య నాలుగు పాత కంప్యూటర్లు దుమ్ము పట్టి ఉండేవి. వైరస్ వచ్చి, అందరూ వేసుకునే సిస్టమ్ దొంగ కాపీ మళ్లీ మళ్లీ వేయించుకుని, చివరికి అదీ నిలబడక మూలకు చేరినవి. పప్పు మిల్లులో అత్తమ్మ పక్కన పనిచేసే రత్నమ్మ ఒకరోజు మా ఇంటికొచ్చి, "మాకు గూడ నేర్పరాదు? తెలుగుల టైపు కొట్టుడు వస్తే వికారాబాద్‌ల ఆఫీసుల కాడ పని దొరుకుతదట" అని అడిగింది. ఆమె భర్త కరణ్‌కోట వైపు క్వారీలో పనికి వెళ్లేవాడు. ఆమెకు ఇద్దరు పిల్లలు. నాకంటే నాలుగైదేళ్లు పెద్దదే అయినా నన్ను అక్కా అనేది. ఆమెలాంటి వాళ్లు మరికొందరున్నారు. వాళ్లకు మిల్లు దిగిన తర్వాత, మధ్యాహ్నం తప్ప తీరదు.

సార్‌ను అడిగాను. ఆయన కాసేపు ఆలోచించి, "ముందల గదిల కొత్తయి ముట్టొద్దు. ఎనక గదిల నాలుగు డబ్బాలున్నయ్. లేపుకుంటే లేపుకో. కందులు మార్కెట్‌కు రాంగనే ఆ గది నాకు గావాలె. గంతల నీ బ్యాచ్ నడిస్తే నడిచినట్టు, లేకపోతే బస్తాలేస్త" అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఆయన దృష్టిలో అది ఉదారంగా ఇచ్చిన అవకాశమే. నా దృష్టిలో అది పందెం. ఒప్పుకున్నాను.

వికారాబాద్ స్టేషన్‌లో కొన్న ఒక కంప్యూటర్ పత్రికతో పాటు లినక్స్ డిస్కు ఒకటి ఉచితంగా వచ్చింది. ఎవరినీ అడుక్కోనక్కర్లేదు, దొంగతనం చేయనక్కర్లేదు, ఎన్ని యంత్రాల మీదైనా వేసుకోవచ్చు అని దాని మీద రాసి ఉంది. నాకు ఆ మాట బాగా నచ్చింది. బస్తాలు మూలకు తోసి, యంత్రాలు విప్పి, అత్తమ్మ పాత చీర ముక్కతో దుమ్ము తుడిచి, ఒక్కొక్కదాని మీద ఆ డిస్కు ఎక్కించాను. నాలుగూ లేచాయి. నీలి తెర వెలిగిన రోజు రత్నమ్మ వాళ్లు చప్పట్లు కొట్టారు. ఆ సంతోషం తెలుగు అక్షరం కొట్టి చూసేదాకే. అక్షరాల చోట ఖాళీ డబ్బాలు వచ్చాయి. వరసగా, ఒకదాని పక్కన ఒకటి, ఏమీ రాయని పలకల్లా. "ఇవేంది అక్కా?" అని రత్నమ్మ అడిగింది. "తెలుగు అక్షరాలు ఇంక రాలేదు, తెచ్చుకోవాలె" అన్నాను, అదేదో సంతలో దొరికే వస్తువన్నట్టు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. లినక్స్‌లో ప్రోగ్రాములు మూటలుగా వస్తాయి. ఆ మూటను ప్యాకేజీ అంటారు. ఏ మూట ఎక్కడుందో, ఏది దేనిమీద ఆధారపడి ఉందో చూసుకునే పెద్దమనిషి లాంటి ప్రోగ్రాం ఒకటి లోపల ఉంటుంది. దానికి ఇంటర్నెట్ ఉంటే కావలసినవన్నీ అదే తెచ్చుకుంటుంది. మా సెంటర్‌లో ఇంటర్నెట్ లేదు. అందుకని తెలుగు మూటల కోసం నేను ప్యాసింజర్ రైలెక్కి వికారాబాద్ వెళ్లేదాన్ని. స్టేషన్ బయట ఒక నెట్ సెంటర్ ఉండేది. అక్కడ దించుకుని, ఫ్లాపీల్లో నింపుకుని, మళ్లీ రైల్లో తాండూరుకు. ఎక్కించబోతే ఆ పెద్దమనిషి అనేవాడు: దీనికి ఫలానాది కావాలి, కానీ అది ఇన్‌స్టాల్ కాబోవడం లేదు. సరేనని మర్నాడు ఆ ఫలానాది తెస్తే, దానికి మరో ఫలానాది కావాలి. పొద్దున పాఠం, తర్వాత రైలు, సాయంత్రం మళ్లీ రైలు. ధారూరు దాటాక కిటికీలోంచి వచ్చే అడవి గాలిలో కళ్లు మూతలు పడేవి. ఒళ్లో ఫ్లాపీల సంచి గట్టిగా పట్టుకునే నిద్రపోయేదాన్ని.

నెట్ సెంటర్ చూసుకునే పవన్ అనే అతను నా అవస్థ చూసి జాలిపడ్డాడు. "అది అడిగినప్పుడల్ల ఇచ్చుకుంట పోతే మీ జన్మ అయిపోతది మేడం. ఫోర్స్ కొట్టుండ్రి. దాని మాట ఇనకుండ్రి" అని ఒక ఆజ్ఞ చెప్పాడు. బలవంతంగా ఎక్కించే ఆజ్ఞ. తాండూరుకొచ్చి కొట్టాను. ఎదురు చెప్పకుండా ఎక్కింది! ఎంత సంబరమంటే, ఆగి చూడకుండా నాలుగు యంత్రాల మీదా అదే కొట్టాను. మర్నాడు మధ్యాహ్నం రత్నమ్మ వాళ్లు కూర్చునేసరికి ఏమీ తెరుచుకోవడం లేదు. కొత్తది ఎక్కదు, పాతది దిగదు. ఏం అడిగినా ఒకటే జవాబు: విరిగిన ప్యాకేజీలు ఉన్నాయి, ముందు వాటిని బాగుచేయండి. బాగుచేయమంటే, అందుకు కావలసినవి లేవు. వాళ్లంతా ఎండలో నడిచి వచ్చిన వాళ్లు. రత్నమ్మే లేచి, "రేపొస్తం అక్కా" అని అందరినీ తీసుకెళ్లింది.

ఆ కబురు సార్ దాకా వెళ్లింది. సాయంత్రం వెనక గది గుమ్మంలో నిలబడి, "చెప్పిన గదా. గా పిచ్చి సిస్టమ్ తీసెయ్. పాత కాపీనే వెయ్, ఇంగ్లీషు అక్షరాలు కొట్టుడు నేర్పు. మిల్లుల పనిచేసే ఆడోళ్లకు గంత చాలు" అన్నాడు. గంత చాలు. ఆ రెండు మాటలు నాకు ఎక్కడో గుచ్చుకున్నాయి. "చాలదు సార్" అన్నాను. ఆయనకు కోపం రాలేదు, ఆశ్చర్యం కలిగింది. "నువ్వు గిట్ల మొండి జేస్తే నీ కొలువుకే మోసమొస్తది జూస్కో. నాలుగు మిషిన్లు ఖరాబ్ జేసినవ్" అని దిగి వెళ్లిపోయాడు. ఇంటికొచ్చి జరిగిందంతా అత్తమ్మకు చెప్పాను. రొట్టె కాలుస్తూ చివరిదాకా విన్నది. తర్వాత పెనం దించి, "ఖరాబైనయే గద నీకిచ్చింది? ఖరాబైనదాన్ని మల్లెట్ల ఖరాబ్ జేస్తరు?" అంది. మామయ్య పెరట్లోంచి పెద్దగా నవ్వాడు. నాకు ఏడుపు రాబోయి ఆగిపోయింది. ఆ రాత్రి కడుపునిండా తిని పడుకున్నాను.

లినక్స్ వాడేవాళ్లు ఒకరికొకరు ఈమెయిల్ మీద సాయం చేసుకునే సమూహం ఒకటుందని ఆ పత్రికలోనే చదివాను. వికారాబాద్ వెళ్లి, తాండూరు ల్యాబ్ అన్న పేరుతో ఒక మెయిల్ ఐడీ తెరిచి, వచ్చిన ఇంగ్లీషులో నా గోడు రాశాను. మరుసటి సారి వెళ్లి చూస్తే ఒక జవాబు ఉంది. ముందు మాన్యువల్ చదివి రమ్మని, ఇక్కడ ఎవరూ నోట్లో ముద్ద పెట్టరని. పవన్ పక్క నుంచి చూసి, "పోనీండ్రి మేడం, గాళ్లందరు పెద్ద పెద్ద ఇంజినీర్లు" అన్నాడు. నేను పోనివ్వలేదు. "మాన్యువల్ చదివాను. మీరు నా ప్రశ్న చదవలేదు" అని అందరూ చూసేలా అదే చోట రాసి పంపాను. పంపాక వెనక్కి తీసుకోవాలనిపించలేదు.

దానికి ఆ మనిషి మళ్లీ జవాబివ్వలేదు. కానీ మరొకరు ఇచ్చారు. గుల్బర్గాలో కాలేజీ లెక్చరర్, పేరు బసవరాజ్. మర్యాదగా, సర్ అని సంబోధించి, తప్పుల సందేశాన్ని ముక్కలు చేయకుండా పూర్తిగా పంపమన్నారు. ఒక్కో ప్యాకేజీ ఏమడుగుతోందో, మా దగ్గరున్నది ఏమిటో పక్కపక్కనే రాయమన్నారు. నేను యంత్రం చెప్పినదంతా ఫ్లాపీలో పట్టుకొచ్చి నెట్ సెంటర్లో కూర్చుని అలాగే రాయడం మొదలుపెట్టాను. నాలుగైదు వరసలు రాసేసరికి నా చెయ్యి ఆగిపోయింది. అంతకాలం నేను పేర్లే చదివాను. పేరు చివర ఉన్న అంకెను చదవలేదు. అది అడుగుతున్నది నా దగ్గర లేని వస్తువును కాదు. ఆ వస్తువే నా దగ్గర ఉంది, కానీ వేరే అంకెది. పత్రిక ఇచ్చిన డిస్కు పాత విడుదల. నేను రైలెక్కి మోసుకొచ్చినవన్నీ కొత్త విడుదలవి. పాత ఇంటి గుమ్మానికి కొత్త ఇంటి తలుపులు తెచ్చి, పట్టకపోతే గుద్ది గుద్ది దూర్చాను. గుమ్మం పగలక ఏమవుతుంది? తప్పు ఆ యంత్రాలది కాదు. లోపలి పెద్దమనిషి మొదటి రోజు నుంచీ నాకు నిజమే చెబుతున్నాడు.

మెయిల్‌లో ఆ సంగతే రాశాను. బసవరాజ్ గారు మర్నాటికల్లా జవాబిచ్చారు. మీకే తెలిసిపోయింది, బాగుంది; ఆ పాత విడుదల డిస్కుల కట్ట మొత్తం నా దగ్గర ఉంది, పత్రికవాళ్లు మొదటిదే ఇచ్చి ఉంటారు, తెలుగువన్నీ తర్వాతి వాటిలో ఉన్నాయి; శనివారం హైదరాబాద్ వెళ్తున్నాను, తాండూరు ప్లాట్‌ఫారం మీద ఉండండి సర్, ఇస్తాను అని. నేను ఆడపిల్లనని ఆయనకు చెప్పలేదు. దాచాలని కాదు, చెప్పాల్సిన అవసరం నాకు కనబడలేదు.

శనివారం బండి వచ్చి ఆగింది. మా స్టేషన్‌లో ఎక్స్‌ప్రెస్‌లు ఆగేది కాసేపే. ఒక పెట్టె తలుపు దగ్గర సన్నటి మనిషి, చేతిలో గుడ్డసంచి, మెడ చాచి అటూ ఇటూ వెతుకుతున్నాడు. నేను పరుగెత్తుకెళ్లి ఆయన ముందు నిలబడ్డాను. ఆయన నా తల మీదుగా వెనక్కి చూస్తూ, "లేబ్ సర్ ఎల్లిదార్రీ?" అని అడిగాడు. ల్యాబ్ సార్ ఎక్కడున్నారు అని. మామయ్య రేడియో పుణ్యమా అని ఆ మాత్రం కన్నడం నాకొచ్చు. "నానే రీ" అన్నాను. నేనేనండీ అని. ఆయన ఒక్క క్షణం నన్ను చూసి, పెద్దగా నవ్వేశాడు. "ఆ మెయిల్ పెద్దమనిషికి మాన్యువల్ చదివిన అని చెప్పింది మీరేనా? భేష్ రీ!" అంటూ సంచి చేతిలో పెట్టాడు. ఎంత ఇమ్మంటారని అడిగేలోపే బండి కదిలింది. "కాపీ చేసి ఇంకొకరికి ఇవ్వండి, అష్టే!" అని తలుపులోంచి అరిచాడు. అంతే, అని. ఆయన్ను మళ్లీ ఎప్పుడూ చూడలేదు.

ఆదివారం మగపిల్లల బ్యాచ్ ఉండదు, మిల్లుకూ సెలవే. రత్నమ్మ వాళ్లందరూ పొద్దున్నే వచ్చారు. మార్కెట్ యార్డులో అప్పటికే కొత్త కందుల బండ్లు రావడం మొదలైంది. గాలి నిండా ఆ వాసనే. మొదటి యంత్రం ముందు కూర్చున్నాను. ముందు, నేను బలవంతంగా దూర్చినవాటిని ఒక్కొక్కటి బయటికి లాగాలి. దిగమంటే దిగవు. బలవంతంగా పెట్టినవాటిని బలవంతంగానే తీశాను. తర్వాత, ఇక నుంచి ఈ డిస్కుల నుంచే తెచ్చుకో అని సిస్టమ్‌కు చూపించాను. చివరికి విరిగినవి బాగుచేసే ఆజ్ఞ. అంతకుముందు ఎన్నోసార్లు కొట్టి మొట్టికాయ తిన్న ఆజ్ఞే అది. ఈసారి తెర మీద పొడుగాటి చిట్టా వచ్చి, చివర ఒక ప్రశ్న దగ్గర ఆగింది. ముందుకు పోవాలా వద్దా?

"ఏమంటుంది?" అంది రత్నమ్మ.

"పోవాల్నా వద్దా అని అడుగుతుంది."

"మల్ల అడుగుడేంది? పొమ్మను!"

"నువ్వే జెప్పు" అని కుర్చీలోంచి లేచాను. ఆమె కూర్చుని, చీర కొంగుకు వేలు తుడుచుకుని, వై అనే అక్షరం వెతికి నొక్కింది. వరసలు కదిలాయి. డిస్కు గిర్రుమంది. మధ్యలో రెండో డిస్కు పెట్టమంది, పెట్టాం. మూడోది అడిగింది, పెట్టాం. చివరికి ఏ ఫిర్యాదూ లేకుండా ఖాళీ వరస వచ్చి నిలబడింది. తెలుగు అక్షరాలు ఎక్కాయి. రత్నమ్మ తన పేరే కొట్టింది. త కింద న వత్తు, మ కింద మ వత్తు, ఉండాల్సిన చోట ఉండాల్సినట్టు కుదురుకున్నాయి. ఆమె తెర మీద వేలు పెట్టి ఒక్కో వత్తునూ తడిమింది. "గీ వత్తులు నా చేతి రాతల గూడ గింత మంచిగ రావు" అంది. మిగతా మూడు యంత్రాలనూ ఆ రోజు వాళ్లే బాగుచేశారు. నేను వెనక నిలబడి చూశాను, అంతే.

ముందు గదిలోని ప్రింటర్‌ను తెచ్చి తగిలించి అందరి పేర్లూ అచ్చు కొట్టాం. ఆ సూదుల ప్రింటర్ చేసే గోల మార్కెట్ దాకా వినబడి ఉంటుంది. సోమవారం సార్ పైకి వచ్చాడు. కాగితం చేతిలోకి తీసుకుని ముందూ వెనకా తిప్పి చూశాడు. "మస్తుగొచ్చింది మల్లీశ్వరీ. నిజంగనే మస్తుంది" అన్నాడు. అంతవరకు బాగుంది. తర్వాత, "కందులు గోదాంల ఏస్తలే, గది నీకే ఉండనీ. గీ నాలుగింటిని గూడ పొద్దటి పోరల బ్యాచ్‌ల కలుపు. తెలుగు టైపు అంటే ఇంక మస్తుమంది వస్తరు. రోజంత వాళ్లకే నడుపుదాం. ఆడోళ్ల సంగతి తర్వాత జూద్దాం" అన్నాడు.

అప్పటికి రత్నమ్మ మెట్లెక్కి గుమ్మంలోకి వచ్చింది. ఆమె వింటోందని నాకు తెలుసు.

"అట్ల కుదరదు సార్" అన్నాను.

"కుదరకపోవుడేంది? మిషిన్లెవరియి?"

"మీయే. పాస్‌వర్డ్ నాది."

ఆయనకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యేలా చెప్పాను. ఈ యంత్రాల్లో ఏది ఎక్కించాలన్నా, ఏది తీయాలన్నా, కొత్తగా ఎవరినైనా వాడనివ్వాలన్నా ఒక పాస్‌వర్డ్ కావాలి. అది నాకొక్కదానికే తెలుసు. ఆడవాళ్ల బ్యాచ్ మధ్యాహ్నం నడిచినంతకాలం పొద్దున మగపిల్లలు కూడా వాటిని వాడుకోవచ్చు. అది ఆగితే ఇదీ ఆగుతుంది.

"నన్ను బెదిరిస్తున్నవా?"

"అవును సార్."

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "మీ నాయిన మా చెల్కల మంద పెట్టేటోడు. ఒక్కనాడు ఎదురు మాట్లాడి ఎరుగడు" అన్నాడు. మంద పెట్టడమంటే, రాత్రిళ్లు గొర్రెలను వాళ్ల పొలంలో పడుకోబెట్టడం. ఎరువుతో పొలం బాగుపడుతుంది. చిన్నప్పుడు నేనూ నాయినతో పాటు ఆ చెల్కల్లో చలికి ముడుచుకుని పడుకున్నదాన్నే. "మా నాయిన మంద పెట్టిండు, పంట మీకొచ్చింది" అన్నాను. "గిది గట్ల గాదు సార్. గీ పంటల వీళ్లకు గూడ రావాలె." నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఆయన వికారాబాద్ నుంచి పవన్‌ను పిలిపించాడు. పాస్‌వర్డ్ లేకపోతే ఏం చేయొచ్చని అడిగాడు. పవన్ యంత్రాలు చూశాడు, తెలుగు చూశాడు, నన్ను చూశాడు. "మొత్తం తుడిచి మల్ల ఏయచ్చు సార్. కని గీ తెలుగు మల్ల ఎక్కిచ్చుడు నాతోని గాదు. మేడమే జెయ్యాలె" అన్నాడు. సార్ మెట్లు దిగి వెళ్లిపోయాడు. మధ్యాహ్నం బ్యాచ్ నడిచింది. నెల తిరగకుండా ఆయనే ఊళ్లో వాళ్లకు, మా దగ్గర ఆడోళ్లు తెలుగు టైపు కొడతరు అని గొప్పగా చెప్పుకోవడం నా చెవిన పడింది. నేను కాదనలేదు.

ఇప్పుడు తాండూరులో ఆ మేడ లేదు. అత్తమ్మ లేదు. ఆమె ఇంట్లో ఎక్కడినుంచో తెచ్చిన మెరిసే టైల్స్ వేశారు, అడుగుపెడితే జారుతుంది. తెలుగు అక్షరాల కోసం ఎవరూ రైలెక్కక్కర్లేదు. కావలసిన మూట గాల్లోంచి వచ్చి దిగుతుంది. ఇది మంచి మార్పే. ఆ రోజులే బాగుండేవని నేను అనను. ధారూరు గాలి తప్ప ఆ ప్రయాణాల్లో నాకు మళ్లీ కావాలనిపించేది ఏదీ లేదు. కానీ గంత చాలు అనే మాట మాత్రం పోలేదు. మనిషి మారి, మర్యాద పెరిగి, ఇంగ్లీషు నేర్చుకుని మళ్లీ మళ్లీ వినబడుతూనే ఉంది. ఆ తర్వాత నేను హైదరాబాద్‌లో పెద్ద పెద్ద గదుల్లో, చల్లటి గాలిలో కూర్చుని విన్నాను. విన్న ప్రతిసారీ చాలదనే అన్నాను. అలా అనడం నేను నేర్చుకున్నది బస్తాల గదిలో. కొన్నిసార్లు దానివల్ల నష్టపోయాను కూడా. పశ్చాత్తాపం లేదు.

హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చి తాండూరు వదిలే రోజున సార్ దగ్గర సెలవు తీసుకోవడానికి వెళ్లాను. శాలువా కప్పాడు, మిఠాయి పెట్టాడు. మెట్లదాకా వచ్చి, గొంతు తగ్గించి, "గిప్పుడన్న జెప్పు ఆ పాస్‌వర్డ్" అని అడిగాడు. చెప్పలేదు. అది రత్నమ్మకు చెప్పాను. అప్పటికి మధ్యాహ్నం బ్యాచ్‌కు పాఠం చెబుతున్నది ఆమే. కొంతకాలానికి ఫోన్‌లో మాట్లాడుతూ, జాగ్రత్తగా గుర్తుపెట్టుకున్నావా అని అడిగాను. రత్నమ్మ నవ్వి, "అది నువ్వు పోయిన తెల్లారే మార్చేసిన అక్కా" అంది. కొత్తదేమిటో నాకు కూడా చెప్పలేదు.